చిగుళ్ళ నుంచి గుండె దాకా

మా నాయనమ్మకి నలభై రెండేళ్ళు వచ్చేసరికి నోట్లో ఒక్క పన్ను లేదు. పుచ్చి ఊడిపోయినవి కావు, పీకించినవి. మోకాళ్ళనొప్పులని తెనాలిలో ఒక డాక్టరు దగ్గరికి తీసికెళ్తే, ఆయన మోకాలు పట్టుకుని చూడకముందే నోరు తెరవమన్నాడట. పళ్ళ కింద చీముందనీ, ఆ విషమే కీళ్ళలోకి దిగుతోందనీ చెప్పాడట. మూడు విడతల్లో అన్నీ తీసేశారు. ఇది 1968 ప్రాంతంలో సంగతి. మోకాళ్ళనొప్పులు మాత్రం 2003లో ఆవిడతోపాటే పోయాయి. నాకు గుర్తున్న నాయనమ్మ, పండక్కి చేసిన జంతికల్ని చిన్న రోట్లో దంచుకుని, ఆ పొడిని మజ్జిగలో నానబెట్టుకు తినే మనిషి. కట్టుడు పళ్ళు చేయించారు గానీ, అవి ఎప్పుడూ గూట్లో గాజు గ్లాసులోనే ఉండేవి.

మా ఇంట్లో ఇది నవ్వుకుంటూ చెప్పుకునే కథ. క్రితం ఏడాది దాకా.

నాన్నకి అరవై నాలుగు. రెండేళ్ళ క్రితం గుండెపోటు వస్తే ఒక స్టెంట్ వేశారు. క్రితం ఏడాది చెకప్ ప్యాకేజీలో చేయించిన రక్తపరీక్షల్లో హెచ్ఎస్-సీఆర్‌పీ అన్న వరసలో 4.6 అని, పక్కన ఒక ఎర్రబాణం వచ్చింది. మూడు దాటితే గుండెకి ముప్పు ఎక్కువ అని కింద చిన్న అక్షరాలు. ఇక నాన్న పయోరియా ఇవాళ్టిది కాదు. నా చిన్నప్పట్నుంచీ ఆయన బ్రష్షు మీద నెత్తుటి చారలే. రిపోర్టు చూసిన పళ్ళడాక్టరు ఆ రెండింటినీ కలిపేశాడు. ఈ పళ్ళు ఎలాగూ అయిదారేళ్ళకి మించి ఉండవు, ఇప్పుడే అన్నీ తీయించేసి సెట్టు పెట్టించుకుంటే చీము గుండెకి పోదు అన్నాడట. ఆ రాత్రి నాన్న హైదరాబాదుకి నాకు ఫోను చేశాడు. "ఏరా, తీయించేసుకోమంటావా?" వెనకనుంచి అమ్మ గొంతు: "మీ అమ్మకి చేసింది చాల్లేదా?"

ఒక నెల ఆగమన్నాను. నేను డాక్టర్ని కాను. రోజూ చేసేది సర్వర్లు పడిపోకుండా కనిపెట్టుకుని ఉండే పని. కానీ నలభై యాభై ఏళ్ళ తేడాలో ఒకే ఇంట్లో ఇద్దరికి, వేరే వేరే జబ్బులకి, ఒకే వైద్యం చెప్పడం ఎలా జరిగిందో తెలుసుకోవాలనిపించింది. ఆ నెల చాలా నెలలయింది.

ముందు మాట దగ్గరే ఆగిపోయాను. ఇన్‌ఫ్లమేషన్‌ని మన పత్రికలు కొన్నిసార్లు వాపు అంటాయి, కొన్నిసార్లు మంట అంటాయి. ఆయుర్వేదం నుంచి వచ్చిన శోథకీ అర్థం వాపే. లాటిన్ మూలంలో ఉన్నది మాత్రం నిప్పంటుకోవడం. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ దీనికి నాలుగు లక్షణాలు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. చిగురు వాచినప్పుడు అద్దం ముందు నిలబడితే వీటిలో రెండు ఎవరికైనా కనిపిస్తాయి, మిగతా రెండూ తెలుస్తాయి. గుండెకి నెత్తురు తీసుకెళ్ళే నాళం లోపలి గోడకి అదే జరిగితే ఏ అద్దంలో చూస్తాం? జర్మనీలో రుడాల్ఫ్ విర్కో 1850లలోనే శవపరీక్షలు చేసి, నాళాల్లో కొవ్వు పేరుకోవడానికి మూలం ఈ ఇన్‌ఫ్లమేషనే అన్నాడు. వియన్నాలో రోకిటాన్‌స్కీ కాదు, అది తర్వాత వచ్చి చేరేది అన్నాడు. బతికున్న మనిషిలో చూసే దారి లేక ఆ తగువు వందేళ్ళు తెగలేదు. చిగుళ్ళ సంగతి కూడా అక్కడే ఇరుక్కుంది.

నాయనమ్మ డాక్టరు చెప్పిన మాట ఆయన సొంతం కాదు. ఆయన గురువుల తరం గట్టిగా నమ్మిన మాట. దాని మొదలు వెతుక్కుంటూ వెళ్తే విలోబీ మిల్లర్ అనే అమెరికన్ దంతవైద్యుడు కనిపిస్తాడు. బెర్లిన్‌లో స్థిరపడి, రాబర్ట్ కోక్ పద్ధతులతో నోటిలోని సూక్ష్మజీవుల్ని పట్టి చూసినవాడు. పళ్ళు పుచ్చడానికి కారణం సూక్ష్మజీవులు తయారుచేసే ఆమ్లం అని చెప్పిన ఘనత ఆయనది. 1891లో ఆయనే ఇంకో అడుగు వేసి, ఒంట్లో మరెక్కడో వచ్చే జబ్బులకి నోరు స్థావరం కావచ్చు అని రాశాడు. 1900లో లండన్ వైద్యుడు విలియం హంటర్ ఆ అనుమానాన్ని నేరారోపణ చేశాడు. 1910లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన ప్రసంగం మరీ ప్రసిద్ధం. అప్పట్లో అమెరికా దంతవైద్యులు బంగారు తొడుగులకీ బ్రిడ్జిలకీ పేరు పొందినవాళ్ళు. హంటర్ వాటిని కుళ్ళు మీద కట్టిన బంగారు గోరీలు అన్న అర్థం వచ్చేలా ఎగతాళి చేశాడు. కోపం వచ్చినవాళ్ళు కొందరు. భయపడ్డవాళ్ళు చాలామంది.

షికాగోలో ఫ్రాంక్ బిల్లింగ్స్ దీనికి ఒక సిద్ధాంతం హోదా ఇచ్చాడు. ఎక్కడో ఒక మూల, పంటి వేరు కిందో టాన్సిల్స్‌లోనో, చిన్న చీముగుంట ఉంటుంది. దాన్నుంచి సూక్ష్మజీవులో వాటి విషాలో నెత్తుట్లో కొట్టుకెళ్ళి కీళ్ళకీ గుండెకీ మూత్రపిండాలకీ చేరతాయి. మూలాన్ని తీసేస్తే జబ్బు పోతుంది. ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ రోజెనో కుందేళ్ళతో ప్రయోగాలు చేసి, ఏ అవయవం జబ్బుపడ్డ రోగి నుంచి తీసిన క్రిములు కుందేలులోనూ అదే అవయవాన్ని వెతుక్కుంటూ వెళ్తాయని చూపించానన్నాడు. వేరేవాళ్ళు చేస్తే అలా రాలేదు. కానీ అప్పటికే పళ్ళు పీకడం మొదలైపోయింది.

ఆ మనుషుల్ని ఇప్పుడు వెక్కిరించడం తేలిక. ఒక్క విషయం వాళ్ళకి అండగా ఉండేది, అది అబద్ధం కాదు. గుండె కవాటాలు ముందే దెబ్బతిని ఉన్నవాళ్ళలో, నోట్లోనూ గొంతులోనూ కాపురముండే స్ట్రెప్టోకాకస్ రకాలు నెత్తుట్లో చేరి కవాటం మీద తిష్ఠ వేసి చంపేయగలవు. సంగీతకారుడు గుస్తావ్ మాలర్ 1911లో ఇలాగే పోయాడు. న్యూయార్క్‌లో ఆయన రక్తం తీసి పెంచితే ఆ క్రిమే కనిపించింది. పెన్సిలిన్ లేని కాలం, చేయగలిగింది లేదు. 1935లో లండన్‌లో ఓకెల్, ఎలియట్ అనే ఇద్దరు, పన్ను పీకిన వెంటనే రోగుల రక్తం తీసి చూస్తే సగానికి మించిన మందిలో నోటి క్రిములు దొరికాయి. చిగుళ్ళు ఎంత పాడైతే అంత ఎక్కువగా. నోటినుంచి గుండెకి నిజంగానే ఒక దారి ఉంది. ఒక జబ్బుకి నిజమైన దారిని అన్ని జబ్బులకీ రహదారి అనుకోవడం దగ్గర వచ్చింది చిక్కు.

ఈ కథలో అన్నిటికన్నా చీకటి గది న్యూజెర్సీ రాష్ట్రంలోని ట్రెంటన్ పిచ్చాసుపత్రి. దాని మీద ఆండ్రూ స్కల్ 2005లో రాసిన 'మ్యాడ్‌హౌస్' అనే పుస్తకం చదివాను. స్కల్‌కి కోపం ఎక్కువ, ప్రతి పేజీలోనూ అది తెలుస్తూనే ఉంటుంది. కాస్త తగ్గించి రాసి ఉంటే పుస్తకం ఇంకా భయపెట్టేదనిపించింది. అయినా రెండు రాత్రుల్లో పూర్తి చేశాను. హెన్రీ కాటన్ 1907లో ఆ ఆసుపత్రికి పెద్ద అయ్యాడు. వచ్చీరాగానే రోగుల్ని కట్టేసే గొలుసులూ పట్టీలూ తీయించిన మంచివాడు. పిచ్చికి కూడా మూలం చీముగుంటేనని నమ్మాడు. పళ్ళతో మొదలుపెట్టాడు. అది చాలకపోతే టాన్సిల్స్, అదీ చాలకపోతే పొట్ట, పెద్దపేగు. ఆ పేగు ఆపరేషన్లలో దాదాపు 30 శాతం మంది చనిపోతున్నారని ఆయనే ఒప్పుకున్నాడు. అయినా 85 శాతం మందిని బాగుచేస్తున్నానని చెప్పుకున్నాడు. సొంత పళ్ళు కొన్ని పీకించుకున్నాడు. భార్యవీ, ఇద్దరు కొడుకులవీ కూడా తీయించాడు. అంటే మోసగాడు కాదు. నమ్మినవాడు. నాకు మోసగాడి కన్నా ఇతనే ఎక్కువ భయం.

1924లో జాన్స్ హాప్‌కిన్స్ నుంచి ఫిలిస్ గ్రీనేకర్ అనే యువ వైద్యురాలిని అక్కడి లెక్కలు తేల్చడానికి పంపించారు. ఆవిడ వార్డుల్లో తిరుగుతుంటే పళ్ళులేని మొహాలే. చాలామందికి కట్టుడు పళ్ళు కూడా లేవు, తిన్నది నమల్లేరు. ఆవిడ కేసులు ఒక్కొక్కటే తీసి పేర్చి చూస్తే వచ్చింది ఏంటంటే, వైద్యం ఎంత తక్కువ జరిగితే రోగి అంత బాగున్నాడు. ఎక్కువ వైద్యం అందినవాళ్ళు బాగుపడనివాళ్ళు, చనిపోయినవాళ్ళు. ఆ నివేదికని ఆవిడ గురువు అడాల్ఫ్ మేయర్ బయటపెట్టలేదు. కాటన్‌కీ ఆయనే గురువు. కాటన్ 1933లో చనిపోయాడు. గుండెపోటుతో.

మెల్లగా లెక్కలు బయటికొచ్చాయి. అమెరికాలో కీళ్ళవాతం నిపుణుడు రస్సెల్ సెసిల్ ఒకప్పుడు ఈ సిద్ధాంతాన్ని నెత్తిన పెట్టుకున్నవాడే. 1938లో తన దగ్గరికొచ్చిన 200 మంది రోగుల్ని పరిశీలించి, పళ్ళూ టాన్సిల్స్ తీయించుకున్నవాళ్ళలో ఎక్కువమందికి ఒరిగిందేమీ లేదని రాశాడు. తన మాట తానే వెనక్కి తీసుకోవడం ఏ వృత్తిలోనూ తేలిక కాదు. 1940కల్లా పెద్ద పత్రికల్లో సిద్ధాంతం పరువు పోయింది. ఆ తర్వాత యాభై ఏళ్ళు పళ్ళకీ గుండెకీ ముడిపెట్టి మాట్లాడేవాణ్ణి, కవాటాల జబ్బు తప్పిస్తే, నాటువైద్యుడి కింద లెక్కవేశారు. వార్త తెనాలి చేరడానికి మాత్రం ఇంకో ముప్ఫై ఏళ్ళు పట్టినట్టుంది.

ఇక నాన్న రిపోర్టులోని ఎర్రబాణం సంగతి. అది పుట్టింది 1930లో, న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఆస్వాల్డ్ ఏవరీ ప్రయోగశాలలో. పళ్ళతో ఏ సంబంధమూ లేకుండా. విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా తెచ్చే క్రిమినుంచి కొన్ని పదార్థాలు వేరు చేశారు. వాటిలో ఒకదానికి 'సి' అని పేరు పెట్టారు, ఆ అక్షరానికి ఇంకే అర్థమూ లేదు. రోగి రక్తరసాన్ని ఈ 'సి' పదార్థంతో కలిపితే తెల్లగా పేరుకునేది. యాంటీబాడీ అయి ఉంటుంది అనుకోవడం సహజం. కానీ యాంటీబాడీ జబ్బు తగ్గేవేళకి పెరగాలి. ఇక్కడ తలకిందులు. జ్వరం మంచి మీద ఉన్నప్పుడు ఉంది, రోగి తేరుకోగానే మాయమైంది. పైగా న్యుమోనియా లేని జ్వరాల్లోనూ కనిపించింది. అంటే అది శత్రువు గుర్తు కాదు, ఒంట్లో ఎక్కడో నిప్పు రాజుకుందని ఒళ్ళే వేసే కేక. అది ప్రోటీన్ అని 1941లో ఏవరీ, అబర్నెథీ తేల్చారు. 1947లో మెక్లిన్ మెకార్టీ దాన్ని స్ఫటికాలుగా చేశాడు. మధ్యలో 1944లో ఇదే ఏవరీ, ఇదే మెకార్టీ, కాలిన్ మెక్లౌడ్‌తో కలిసి జన్యువులు డీఎన్‌ఏతో తయారవుతాయని చూపించారు. అదంత పెద్ద పని కాబట్టి సి-రియాక్టివ్ ప్రోటీన్ కథ ఎవరూ చెప్పుకోరు.

మన ఊరి ల్యాబుల్లో ఈఎస్ఆర్ ఎంత మామూలో అంత మామూలు పరీక్షగా ఇది చాలాకాలం ఉండిపోయింది. పెద్ద జ్వరానికి వెయ్యి రెట్లు పెరుగుతుంది, కాబట్టి చిన్న తేడాలు ఎవరూ పట్టించుకోలేదు. 1997లో బోస్టన్‌లో పాల్ రిడ్కర్ ఆ చిన్న తేడాలే కొలిచాడు. 1982లో మొదలైన ఒక అధ్యయనంలో ఇరవై రెండువేల మంది ఆరోగ్యంగా ఉన్న మగ డాక్టర్లు చేరారు, వాళ్ళలో చాలామంది ఇచ్చిన రక్తం ఫ్రీజర్లలో ఉంది. తర్వాత గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్ళ సీసాలు తీసి చూస్తే, జబ్బు రాకముందు ఎన్నో ఏళ్ళ క్రితమే సీఆర్‌పీ కొంచెం ఎక్కువగా ఉంది. అందరికన్నా పై వరసలో ఉన్నవాళ్ళకి గుండెపోటు ముప్పు కింది వరసవాళ్ళకి మూడు రెట్లు. విర్కో మాటకి నూటనలభై ఏళ్ళ తర్వాత బతికున్న మనుషుల్లోంచి సాక్ష్యం దొరికింది. 2003లో లీటరుకి 1, 3 మిల్లీగ్రాములు అన్న హద్దులు గీశారు. నాన్న బాణం ఆ మూడు మీదే నిలబడి ఉంది.

సరిగ్గా ఇదే సమయంలో పళ్ళు తిరిగొచ్చాయి. 1988లో హెల్సింకిలో ఒక బృందం, గుండెపోటు వచ్చినవాళ్ళలో క్లమీడియా న్యుమోనియే అనే క్రిమి జాడ ఎక్కువగా ఉందని రాసింది. ఆ బృందంలో ఒకడైన కిమ్మో మాటిలా మరుసటేడు, గుండెపోటు వచ్చిన 100 మందినీ రాని 102 మందినీ పోల్చి, వచ్చినవాళ్ళ పళ్ళు అధ్వాన్నంగా ఉన్నాయన్నాడు. 1993లో అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలోని 9,760 మంది లెక్కలు తీసి, చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళకి గుండెజబ్బు ముప్పు 25 శాతం ఎక్కువ అన్నారు. చిగుళ్ళ జబ్బు ముదిరినవాళ్ళలో సీఆర్‌పీ కూడా ఎక్కువే అని తేలేసరికి వంతెన పూర్తయింది. ఈసారి చీము ప్రయాణం చేయక్కర్లేదు. పంటి చుట్టూ ఏర్పడ్డ గుంటల లోపలి గోడనంతా విప్పి పరిస్తే అరచేతిలో కొంత భాగమంత పుండు. ఆ పుండు నుంచి ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి సంకేతాలు కాలేయానికి వెళ్తాయి, కాలేయం సీఆర్‌పీ తయారుచేస్తుంది, ఆ నిప్పు రవ్వలు నాళాల గోడలకీ తగులుతాయి. చదువుతుంటే ఎంత బాగుందో. బిల్లింగ్స్ కథ కూడా ఇంత బాగానే ఉండేది కదా అనిపించి ఆగాను.

నన్ను నిజంగా కూర్చోబెట్టింది 2000లో సియాటిల్‌కి చెందిన ఫిలిప్ హుజోల్ చేసిన పని. 1993 వాళ్ళు వాడిన సర్వేనే ఆయనా తీసుకున్నాడు. అదే మనుషులు. ఇంకొన్నేళ్ళు ఎక్కువ వెంటాడి, సిగరెట్లూ చదువూ సంపాదనా లాంటివి ఇంకా జాగ్రత్తగా సర్దిచూస్తే 25 శాతం కాస్తా 14కి జారింది. అది కూడా యాదృచ్ఛికం కాదని చెప్పలేనంత. అదే డేటా, రెండు జవాబులు. చిగుళ్ళ జబ్బుకీ ఊపిరితిత్తుల కేన్సర్‌కీ కూడా ఇలాగే సంబంధం కనిపిస్తుందని ఆయన చూపించాడు. అసలెప్పుడూ పొగ తాగనివాళ్ళలో చూస్తే అది కనబడదు.

ఇక్కడ నాకు అన్నంభట్టు గుర్తొచ్చాడు. పదిహేడో శతాబ్దపు పండితుడు, మన తెలుగువాడే అంటారు. తర్కం నేర్చుకునేవాళ్ళకి ఇప్పటికీ మొదటి పుస్తకం ఆయన తర్కసంగ్రహమే. కొండ మీద పొగ కనిపిస్తే నిప్పు ఉందని చెప్పొచ్చు. కానీ నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంటుందనడం చెల్లదు. ఎర్రగా కాల్చిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకి తడికట్టె తోడవ్వాలి. ఆ తడికట్టెని తార్కికులు ఉపాధి అంటారు. మనం చూస్తున్న రెండిటి మధ్య కనబడకుండా కూర్చుని, సంబంధం ఉన్నట్టు చూపించేది. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పినా ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. సిగరెట్ చిగుళ్ళనీ పాడుచేస్తుంది, నాళాలనీ పాడుచేస్తుంది. షుగరూ అంతే. చేతిలో డబ్బులేనితనం, డాక్టరు దగ్గరికి వెళ్ళే అలవాటు లేకపోవడం, అన్నీ తడికట్టెలే. 1993 నాటి రచయితలే ఈ అనుమానం తమ వ్యాసంలో రాసుకున్నారు, నోటి శుభ్రత మనిషి తన ఆరోగ్యాన్ని ఎలా చూసుకుంటాడో చెప్పే గుర్తు మాత్రమే కావచ్చని. పేపర్లలో వార్త వచ్చినప్పుడు ఆ వాక్యం పోతుంది.

2001లో హుజోల్ అడిగిన ఇంకో ప్రశ్న సూటిగా మా ఇంటికి సంబంధించింది. చిగుళ్ళ జబ్బే కారణమైతే, అన్ని పళ్ళూ పోయినవాళ్ళకి చిగుళ్ళ గుంటలే ఉండవు కాబట్టి గుండె ముప్పు తగ్గాలి కదా? అదే సర్వేలో పళ్ళు ఒక్కటీ లేనివాళ్ళనీ, చిగుళ్ళ జబ్బుతో పళ్ళు మిగుల్చుకున్నవాళ్ళనీ పోల్చాడు. తేడా రాలేదు. జరగాల్సిన నష్టం పళ్ళు పోకముందే జరిగిపోయి ఉండొచ్చని వాదించేవాళ్ళు ఉన్నారు, అదీ నిజమే. కానీ పీకేస్తే గుండెకి మేలు అన్న మాటకి ఇది సాయం చేయదు. ఇది చదివిన రాత్రే నాన్నకి ఫోన్ చేసి, పీకించడం లేదని చెప్పేశాను. మిగతాది కుతూహలం కొద్దీ చదివినది.

సరే, సర్వేలు వదిలేసి మనుషుల మీద పరీక్షించినవాళ్ళు ఏం చూశారు? 2007లో లండన్‌లో మౌరిజియో టొనెట్టీ బృందం చిగుళ్ళ జబ్బు బాగా ముదిరిన 120 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసింది. సగంమందికి పైపై శుభ్రం, మిగతావాళ్ళకి గార మొత్తం గోకి, మందు పెట్టి, పనికిరాని పళ్ళు తీసి గట్టి వైద్యం. చేతి నాళం ఎంత బాగా వ్యాకోచిస్తోందో కొలిచారు. గట్టి వైద్యం అందినవాళ్ళకి మర్నాటికి పరిస్థితి దిగజారింది. సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 పెరిగాయి, నాళాలు బిగుసుకున్నాయి. పుండు కెలికితే అంతే కదా. కానీ ఆర్నెల్లకి వాళ్ళ నాళాలు రెండో జట్టు కన్నా మెరుగయ్యాయి. నాకు ఈ పరిశోధన మీద గౌరవం ఎందుకంటే, నిప్పు నిజంగా చిగుళ్ళనుంచి నాళానికి పోతుందని రెండు వైపులనుంచీ చూపించింది, పెరగడంలోనూ తగ్గడంలోనూ. అయితే వాళ్ళు కొలిచింది నాళం వ్యాకోచం. గుండెపోట్లు కాదు. గుండెపోట్లు లెక్కపెట్టాలంటే వేలమందిని ఏళ్ళ తరబడి చూడాలి, అందులో సగంమంది చిగుళ్ళని వైద్యం చేయకుండా వదిలేయాలి. దానికి ఎవరు ఒప్పుకుంటారు?

ఆ ఎర్రబాణం మీదా నమ్మకం కొంచెం సడలింది. 2008లో కోపెన్‌హేగెన్ పరిశోధకులు, పుట్టుకతోనే జన్యువుల వల్ల సీఆర్‌పీ ఎక్కువగా ఉండేవాళ్ళని చూశారు. సీఆర్‌పీయే నేరస్థుడైతే వీళ్ళకి గుండెపోట్లు ఎక్కువ రావాలి. రాలేదు. మా ఆఫీసులో ఒకసారి అర్ధరాత్రి అలర్టులు ఎక్కువైపోతున్నాయని ఎవరో ఆ అలర్టు వచ్చే హద్దుని పెంచేశారు. మోగడం ఆగింది. నాలుగు రోజులకి డిస్కు నిండిపోయి సర్వరు పడిపోయింది. సీఆర్‌పీ ఆ గంట లాంటిది. గంటని నిందించి లాభం లేదు, మోగడం ఆగిందని సంతోషించీ లాభం లేదు.

మరి నిప్పు? అది నిజమే. 2017లో 10,061 మంది గుండెపోటు రోగుల మీద కెనకినుమాబ్ అనే మందు వాడి చూశారు. కొలెస్టరాల్ జోలికి పోకుండా ఇన్‌ఫ్లమేషన్‌ని మాత్రమే అణిచే మందు. గుండెపోట్లూ పక్షవాతాలూ గుండెజబ్బు మరణాలూ కలిపి 15 శాతం తగ్గాయి. దాంతోపాటు ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాల్లో తేడా లేదు. నిప్పు ఆర్పితే పొయ్యి కూడా ఆరుతుంది మరి. అదే, క్రిమిని చంపితే చాలనుకున్న వైపు చూస్తే నిరాశే. హెల్సింకి వాళ్ళ క్లమీడియాని నమ్మి, 4,012 మంది గుండె రోగులకి ఏడాదిపాటు వారం వారం అజిత్రోమైసిన్ ఇచ్చారు. 2005లో ఫలితం వచ్చింది. ఏ తేడా లేదు.

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో ఇదంతా కూడదీసి, సంబంధం ఉంది, కారణం అని చెప్పడానికి లేదు, చిగుళ్ళ వైద్యం గుండెపోటుని ఆపుతుందనడానికి ఆధారం లేదు అని తేల్చింది. ఒకరకంగా నీరసమైన తీర్పు. ట్రెంటన్‌లో ఇంత నీరసమైన తీర్పు చెప్పగలిగిన మనిషి ఉంటే ఎన్ని పళ్ళు మిగిలేవో.

ఈ కథలో మనవాడొకడు దూరపు చుట్టంలా కనిపిస్తాడు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకి పెద్దగా ఉన్న లెడర్లీ సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనిపెట్టాడు. 1948లో అది లోకానికి తెలిసిన కొద్ది వారాలకే, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి పోయాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. 1983లో న్యూయార్క్ రాష్ట్రంలో లోర్న్ గోలబ్, ఆ కుటుంబపు మందులు క్రిముల్ని చంపడమే కాక, చిగుళ్ళ కణజాలాన్ని కొరికే ఎంజైముల్ని కూడా ఆపుతాయని గమనించాడు. క్రిములు అసలే లేని ఎలుకల్లో కూడా. దాని ఫలితంగా 1998లో, క్రిముల్ని చంపలేనంత తక్కువ మోతాదు డాక్సీసైక్లిన్, 20 మిల్లీగ్రాములు, చిగుళ్ళ జబ్బుకి మందుగా వచ్చింది. క్రిమిని వదిలి నిప్పు మీదే నీళ్ళు చల్లడం అన్నమాట. నాన్నకి ఆ మందు రాయలేదు లెండి. కానీ ఈ సంగతి చెబితే, "సుబ్బారావుగారు మన జిల్లాల వాడేరా" అని చాలాసేపు దాని గురించే మాట్లాడాడు, పళ్ళ సంగతి మర్చిపోయి.

వేరే పళ్ళడాక్టరు దగ్గర నాలుగు సిట్టింగుల్లో చిగుళ్ళ లోతుదాకా శుభ్రం చేయించాం. గుండె మందులు రాసే డాక్టర్ని అడిగి, రక్తం పలచబరిచే మాత్రలు ఆపకుండానే. కింద వెనకవైపు ఒక దవడపన్ను మాత్రం ఎలాగూ ఊగిపోతోంది, తీయక తప్పలేదు. గుండె కోసం కాదు, చిగుళ్ళ కోసం. బ్రష్షు మీద నెత్తురు కనబడకుండా ఉంటే చాలనుకున్నాం. నాలుగు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే హెచ్ఎస్-సీఆర్‌పీ 1.9.

"చూశావా, చిగుళ్ళవల్లే" అన్నాడు నాన్న. నేను వేళ్ళు మడుస్తూ లెక్క చెప్పాను. మొదటి పరీక్షకి ముందు వారం ఆయనకి జలుబూ జ్వరమూ. మధ్యలో డాక్టరు స్టాటిన్ డోసు రెట్టింపు చేశాడు, అది కూడా సీఆర్‌పీని తగ్గిస్తుంది. సిగరెట్లు మానేశానంటాడు, అమ్మ పూర్తిగా నమ్మదు.

"ఇంత చదివీ దేనివల్ల తగ్గిందో చెప్పలేవన్నమాట" అన్నాడు.

చెప్పలేనన్నాను. దసరాకి ఇంటికి వెళ్తే అమ్మ జంతికలు చేసింది. నాన్న కుడివైపు నమిలితే నొప్పిగా ఉందని ఎడమవైపు పెట్టి కొరుకుతున్నాడు. ఆ నాయనమ్మ రోలు ఇంకా పెరట్లోనే ఉంది, అందులో అమ్మ కాకులకి నీళ్ళు పోస్తోంది.